విండోస్ 10 గడువు తీరింది, మరి పాత కంప్యూటర్ సంగతి?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేసినవారికి ఏ తేడా కనిపించలేదు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ప్రింటర్ కదిలింది, బ్రౌజర్ తెరుచుకుంది. గందరగోళమంతా అక్కడే మొదలైంది. తెర మీద గడువు నోటీసు ఒకవైపు, నిక్షేపంగా నడుస్తున్న యంత్రం మరోవైపు. రిపేరు షాపులో అడిగితే కొత్తది కొనమంటారు. కంప్యూటర్లు తెలిసిన మేనల్లుడు లైనక్స్ వేసేయమంటాడు. ఆఫీసులో పక్క సీటాయన ఏమీ చేయక్కర్లేదని కొట్టిపారేస్తాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎవరికి వర్తిస్తుందన్నదే చిక్కు.

ఈ చిక్కుకు జవాబు ఆపరేటింగ్ సిస్టమ్‌లో కంటే దానికి తగిలించి ఉన్న వస్తువుల్లోనే ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం. ఆ ప్రింటరు, డిజిటల్ సంతకం చేసే ఆ యూఎస్‌బీ టోకెను, పదిహేనేళ్ల కిందటి ఆ తెలుగు ఫాంటు. వీటిలో మార్చడానికి వీల్లేనిది ఏదైతే ఉందో, నిర్ణయం చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది. అక్కడికి వెళ్లే ముందు మూలాలు చూద్దాం.

## ఆగినవి, ఆగనివి

కంప్యూటర్‌లోని చిప్పులకూ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని చేయించే సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. ఫైలు డిస్కులో ఎక్కడ దాచాలి, ప్రింటర్‌కు ఏం పంపాలి, ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి అన్నవన్నీ దాని బాధ్యతలు. విండోస్, మ్యాక్‌ఓఎస్, లైనక్స్ ఈ కోవలోవే.

ఉన్న సిస్టమ్‌కు నెలనెలా వచ్చే దిద్దుబాటు అప్‌డేట్. విండోస్ 10 నుంచి 11కు వెళ్లడం అప్‌గ్రేడ్, అంటే ఫైళ్లు, ప్రోగ్రాములు ఉన్నచోటే ఉండి కింద సిస్టమ్ మారుతుంది. విండోస్ వదిలి లైనక్స్‌కు వెళ్లడం పూర్తిగా మారడం. అప్పుడు ఫైళ్లను కాపీ చేసుకుని తీసుకెళ్లవచ్చు గానీ విండోస్ ప్రోగ్రాములు వెంట రావు.

2015 జులై 29న విడుదలైన విండోస్ 10 పదేళ్లకు పైగా మద్దతు అందుకుంది. "ఇదే చివరి విండోస్" అన్న అర్థంలో సంస్థ ఉద్యోగి ఒకరు 2015లో ఒక సదస్సులో అన్న మాట ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది. అదే ఏడాది సంస్థ ప్రకటించిన మద్దతు పట్టికలో మాత్రం 2025 అక్టోబరు 14 తేదీ ఉంది. మాట ఊరంతా తిరిగింది, పట్టికను చదివినవారు తక్కువ.

ఆగిపోయింది సిస్టమ్‌లోని భద్రతా లోపాలను పూడ్చే ఉచిత అప్‌డేట్లు, కొత్త సదుపాయాలు, సాంకేతిక సహాయం. ఆగనివి కూడా తక్కువేమీ కాదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కు వైరస్‌ల గుర్తింపు జాబితాలు 2028 అక్టోబరు వరకు వస్తాయి. విండోస్ 10 మీద నడిచే మైక్రోసాఫ్ట్ 365 ప్రోగ్రాములకు భద్రతా అప్‌డేట్లు 2028 అక్టోబరు 10 వరకు ఉన్నాయి. ఎడ్జ్ బ్రౌజర్‌కు కూడా కనీసం 2028 అక్టోబరు దాకా మద్దతు ఇస్తామని సంస్థ చెప్పింది. క్రోమ్ విషయంలో పాత అనుభవం ఒకటుంది. విండోస్ 7కు 2020 జనవరి 14న మద్దతు ముగిస్తే, క్రోమ్ 2023 ఆరంభం వరకు, 109వ వెర్షన్ దాకా దాన్ని వదల్లేదు.

పక్క సీటాయన ధీమాకు ఆధారం ఇదే. అయితే అది సగం నిజం. తనకు తెలిసిన వైరస్ లోపలికి వస్తే డిఫెండర్ పట్టుకుంటుంది. విండోస్ లోపలి భాగంలోనే కొత్తగా బయటపడిన లోపాన్ని పూడ్చడం దాని వల్ల కాదు. దొంగల ఫొటోలు కాపలాదారు దగ్గర ఎన్ని ఉన్నా, వెనక గోడకు పడిన కన్నాన్ని ఆ ఫొటోలు మూయలేవు.

## ప్యాచ్ రాకపోతే ఏమవుతుంది

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. ప్యాచ్ అంటే లోపం ఉన్న చోట వేసే మాసిక. వెంటనే దాడి చేసేవారు కూడా ఆ ప్యాచ్‌ను తెరిచి, పాత ఫైలుతో పోల్చి, ఎక్కడ ఏం దిద్దారో చూస్తారు. విండోస్ 10, 11 లోపల చాలా భాగం ఒకే కోడ్. కాబట్టి 11లో దిద్దిన లోపం 10లోనూ ఉండే అవకాశం ఎక్కువ. మద్దతు లేని సిస్టమ్‌కు అసలు ప్రమాదం ఇది. 11కు వచ్చే ప్రతి దిద్దుబాటూ 10లో ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాలు అవుతుంది.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నక్రై వైరస్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. అది వాడుకున్న లోపానికి 2017 మార్చి 14నే ప్యాచ్ వచ్చింది. దాడి మే 12న జరిగింది. రెండు నెలలు కూడా తిరగలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా అప్పుడు దీని బారిన పడ్డాయి. మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసిన పాత విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ రోజుల్లో ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

ఈ కథలో సాధారణంగా చెప్పని మెలిక ఒకటుంది. దెబ్బతిన్న యంత్రాల్లో అత్యధికం ఎక్స్‌పీవి కావు, విండోస్ 7వి. దానికి అప్పటికి మద్దతు ఉంది, ప్యాచ్ కూడా సిద్ధంగా ఉంది, వేసుకోలేదంతే. మద్దతు ఉన్న సిస్టమ్‌కు మారి, అప్‌డేట్లను "తర్వాత చూద్దాం" అని నెలల తరబడి వాయిదా వేసేవారికి ఆ మారడం వల్ల దక్కేది స్వల్పమే.

ప్రమాదం అందరికీ ఒకే స్థాయిలో ఉండదు. ఇంట్లో రౌటర్ వెనక, బ్రౌజర్‌లో నాలుగైదు సైట్లు మాత్రమే చూసే కంప్యూటర్ వేరు. రోజుకు పదిమంది తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు గుచ్చే జిరాక్స్ షాపు కంప్యూటర్ వేరు. పది యంత్రాలు ఒకే నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే ఆఫీసు మరీ వేరు, ఎందుకంటే అక్కడ ఒకదానికి సోకితే మిగతావాటికి పాకడం తేలిక. వాన్నక్రై పాకింది అచ్చం అలాగే.

## విండోస్ 11 గుమ్మం దగ్గర ఆగిపోయే యంత్రాలు

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. సక్రమమైన లైసెన్సుతో విండోస్ 10 నడుస్తున్న యంత్రానికి అప్‌గ్రేడ్ ఉచితం. కాకపోతే యంత్రం కొన్ని షరతులు నెగ్గాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అన్నవి పెద్ద అడ్డంకులు కావు (4 జీబీతో నడుస్తుంది గానీ ఓపిక మీది). అసలు జల్లెడ మూడు చోట్ల ఉంది: టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, ప్రాసెసర్ జాబితా.

టీపీఎం అంటే రహస్య తాళాలను మిగతా కంప్యూటర్‌కు దూరంగా దాచే చిన్న భద్రతా భాగం. విడి చిప్పుగా ఉండవచ్చు, లేదా ప్రాసెసర్‌లోనే కలిసి ఉండవచ్చు. ఇంటెల్ యంత్రాల్లో దాన్ని పీటీటీ అని, ఏఎండీ యంత్రాల్లో ఎఫ్‌టీపీఎం అని పిలుస్తారు. సెక్యూర్ బూట్ పని, కంప్యూటర్ ఆన్ అయ్యే తొలి క్షణాల్లో నమ్మకమైన సంతకం ఉన్న కోడ్‌నే నడవనివ్వడం. వీటిలో మోసపోయేది టీపీఎం దగ్గర. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగుల్లో అది ఆపి ఉన్నా "మీ కంప్యూటర్ అర్హం కాదు" అనే వస్తుంది. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో ఇది తరచూ కనిపిస్తుంది. పీటీటీని ఆన్ చేస్తే సరిపోయే యంత్రాన్ని పాత సామాను కింద లెక్కగట్టి అమ్మేసినవారు ఉన్నారు.

ప్రాసెసర్ సంగతి అలా కాదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మొదలవుతుంది జాబితా. ఇంటెల్ తరం పేరులోనే ఉంటుంది. ఐ5-7200యూ అంటే గీత తర్వాతి అంకె 7, ఏడో తరం, అర్హం కాదు. ఐ5-8250యూ ఎనిమిదో తరం, అర్హం. ఐ5-10210యూలో నాలుగంకెలకు బదులు ఐదు ఉన్నాయి, కాబట్టి మొదటి రెండింటినీ కలిపి పదో తరం అని చదువుకోవాలి. "ఐ7 కదా, ఐ3 కంటే గొప్పదే" అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఆరో తరం ఐ7 గుమ్మం బయటే ఉండిపోతుంది, ఎనిమిదో తరం ఐ3 లోపలికి వెళ్తుంది. రైజెన్ 2000 పేరుతో వచ్చినవాటిలో కూడా కొన్ని జాబితాలో లేవు. అక్కడ పేరును నమ్ముకోకుండా మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాముతో సరిచూస్తేనే తేలుతుంది.

ఇంకో అడ్డంకి గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. విండోస్ 10కు 32 బిట్ రూపం ఉండేది, 11కు లేదు. మామూలు 32 బిట్ ప్రోగ్రాములు 11లోనూ నడుస్తాయి. 16 బిట్ ప్రోగ్రాములు, 32 బిట్ డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం నడవవు. పాత స్కానర్, పాత లాక్ డాంగిల్ (ప్రోగ్రాము నడవాలంటే గుచ్చాల్సిన తాళం ముక్క) ఉన్నచోట అర్హత పరీక్ష నెగ్గిన కంప్యూటర్ కూడా ఇక్కడ బోల్తా కొట్టవచ్చు.

## ఈ షరతులు న్యాయమేనా

మైక్రోసాఫ్ట్ వాదన భద్రత, స్థిరత్వం చుట్టూ తిరుగుతుంది. ప్రోగ్రాముల నుంచి సిస్టమ్ కీలక భాగాన్ని విడదీసి కాపాడే పద్ధతులకు చిప్పులోనే సదుపాయాలు ఉండాలంటుంది. అర్హత లేని యంత్రాల్లో సిస్టమ్ కీలక భాగం కుప్పకూలడం 52 శాతం ఎక్కువగా కనిపించిందని 2021 ఆగస్టులో చెప్పింది. దాడులు పెరిగిన కాలంలో కనీస స్థాయిని ఎక్కడో ఒకచోట పెంచక తప్పదన్నది దీని సారాంశం. తీసిపారేయదగిన వాదన కాదు.

విమర్శకుల మాటలోనూ బలముంది. ఏడో తరం ఇంటెల్ యంత్రాల్లో చాలావాటికి టీపీఎం 2.0 ఉంది, ఎనిమిదో తరంతో పోలిస్తే భద్రతా సదుపాయాల్లో పెద్ద తేడా లేదు. పైగా మైక్రోసాఫ్ట్ తన సొంత సర్ఫేస్ స్టూడియో 2లో వాడిన ఏడో తరం ఐ7-7820హెచ్‌క్యూకు మాత్రం తర్వాత చోటిచ్చింది. గీత గీసినవారే తమ వస్తువు దగ్గర దాన్ని కాస్త వంచారన్న మాట పడక తప్పలేదు. ఇక చెత్త సమస్య. విండోస్ 10 మద్దతు ముగియడం వల్ల సుమారు 24 కోట్ల కంప్యూటర్లు తిరిగి అమ్ముడుపోక ఈ-వ్యర్థాలుగా మిగలవచ్చని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023 చివర్లో అంచనా వేసింది. అంచనాయే అయినా, పనిచేస్తున్న యంత్రాల గురించి చెప్పిన అంకె అది.

షరతులను దాటవేసి విండోస్ 11 వేసే కిటుకులు ఉన్నాయి, చాలామంది వేసుకున్నారు కూడా. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు పొందే హక్కు ఉండదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఆచరణలో నెలవారీ అప్‌డేట్లు వస్తున్నాయి, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ల దగ్గర మాత్రం చేత్తో తంటాలు పడాలి. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో మరీ పాత ప్రాసెసర్లలో విండోస్ లేవడమే మానేసింది, ఆ చిప్పుల్లో దానికి కావాల్సిన ఆదేశాలే లేవు. సొంత ఇంటి కంప్యూటర్‌తో సరదా పడేవారికి ఇది బాగానే ఉంటుంది. అమ్మానాన్నల యంత్రానికో, జీతాలు వేసే యంత్రానికో చేయదగిన పని కాదని నా అభిప్రాయం.

"నా కంప్యూటర్ నెమ్మదైపోయింది, అందుకే మారాలి" అనేది వేరే సమస్య. నెమ్మదికి చాలాసార్లు కారణం తిరిగే పాత హార్డ్‌డిస్క్. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు వేస్తే అదే విండోస్ 10 చురుగ్గా లేస్తుంది, మద్దతు సమస్య మాత్రం అలాగే ఉంటుంది. షాపులో ఈ రెండింటినీ కలిపి చెబితే కొత్త కంప్యూటర్ తప్పనిసరి అనిపిస్తుంది.

## గడువును కొనుక్కోవడం

వెంటనే మారలేనివారి కోసం మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టింది. దాని పొట్టి పేరు ఈఎస్‌యూ. ఇందులో కీలకమైన భద్రతా ప్యాచ్‌లు మాత్రమే వస్తాయి, కొత్త సదుపాయాలేవీ ఉండవు.

ఇంటి వాడకందారులకు ఇది 2026 అక్టోబరు 13 వరకని ప్రకటించారు. చేరడానికి మూడు దారులు: కంప్యూటర్ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ అయ్యేలా పెడితే ఉచితం, లేదా 1,000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పదు, విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. ఒక లైసెన్సును అదే ఖాతా కింద పది యంత్రాల వరకు వాడుకోవచ్చు. జర్మనీ, ఐర్లాండ్ వంటి యూరోపియన్ ఆర్థిక మండలి దేశాల్లో ఉండే మనవాళ్లకు బ్యాకప్ షరతు కూడా లేదు. అక్కడి వినియోగదారుల సంఘాలు పట్టుబట్టాక సడలించారు.

సంస్థలకు లెక్క వేరు. సంస్థ నెట్‌వర్క్ డొమైన్‌కు కలిపినవి, ఆఫీసు నియంత్రణలో నడిచేవి ఇంటి పథకానికి అర్హం కావు. యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. పది కంప్యూటర్లున్న చిన్న ఆఫీసు తీసుకోండి. మొదటి ఏడాది 610, రెండో ఏడాది 1,220, మూడో ఏడాది 2,440, మొత్తం 4,270 డాలర్లు. ఒక్కో యంత్రానికి 427. మొదటి ఏడాది ఊరుకుని రెండో ఏడాది చేరదామన్నా మొదటి ఏడాది సొమ్ము కూడా కట్టాల్సిందే. విద్యాసంస్థలకు మాత్రం యంత్రానికి 1, 2, 4 డాలర్లు. అరవై కంప్యూటర్ల కాలేజీ ల్యాబ్‌కు మూడేళ్లకు కలిపి 420 డాలర్లు, అంటే పైన చెప్పిన ఆఫీసులో ఒక్క యంత్రానికయ్యే ఖర్చుతో ల్యాబ్ మొత్తం గట్టెక్కుతుంది. కాలేజీ ఆగవచ్చు. ఆఫీసు రెండో ఏడాదికి చేరేసరికే ఆ డబ్బును కొత్త యంత్రాల వైపు మళ్లించడం లాభసాటిగా కనిపిస్తుంది, రెట్టింపు ధర పెట్టడంలోని ఉద్దేశమూ అదే.

## లైనక్స్‌లో దొరికేది, దొరకనిది

లైనక్స్ ఒకటి కాదు, అనేక రూపాల్లో దొరుకుతుంది. విండోస్‌కు అలవాటు పడినవారికి దగ్గరగా అనిపించేది లినక్స్ మింట్. దాని 22వ వెర్షన్, అది ఆధారపడిన ఉబుంటు 24.04 రెండింటికీ 2029 వరకు మద్దతు ఉంది. ఖర్చు లేదు, టీపీఎం అడగదు, ఏడో తరం యంత్రం మీద హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసే వీలుండటం దీనిలోని పెద్ద సుగుణం. డిస్కును తాకకుండానే వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తాయో లేదో తెలిసిపోతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్లుగా నడుస్తున్నది లైనక్సే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో లైనక్స్‌ను తేవడానికి చాలా కృషి చేసింది.

యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, వెబ్‌లో కనిపించే ప్రామాణిక తెలుగు చదవడం, రాయడం సమస్యే కాదు. లోహిత్, నోటో ఫాంట్లు ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటైనవారికి అదీ దొరుకుతుంది.

తంటా బల్ల మీద ఉన్న పాత ప్రింటర్‌తో మొదలవుతుంది. మన ఊళ్లలో ఏ ఆఫీసులోకి వెళ్లినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ2900 తనదైన క్యాప్ట్ భాష తప్ప ఇంకోటి ఎరగదు. లైనక్స్‌లో దాన్ని మాట్లాడించడం పెద్ద ప్రయాసే. దాని సాటి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఇంకో రకం. ఆన్ చేసిన ప్రతిసారీ దాని లోపలి సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ నుంచే అందాలి. అందుకు లైనక్స్‌లో హెచ్‌పీ ఇచ్చే అదనపు ప్లగిన్ వేసుకోవాలి. అది వేస్తే పనిచేస్తుంది, వేయాలని తెలియకపోతే ప్రింటర్ చచ్చిపోయిందనుకుంటారు.

వ్యాపార లెక్కలు రాసే ట్యాలీప్రైమ్‌కు లైనక్స్ రూపం లేదు. ఆధార్ వేలిముద్ర యంత్రాల సేవలు ప్రధానంగా విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు వస్తాయి. కాబట్టి వేలిముద్రలతో పనిచేసే సేవా కేంద్రాల వారికి లైనక్స్ ఉచితం అన్న మాట వినసొంపుగా ఉంటుందే తప్ప అక్కరకు రాదు. క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉచితమే. బ్రౌజర్ తప్ప మరేదీ వాడనివారికి అది చాలు, మిగతావారికి చాలదు. మ్యాక్ వైపు చూసేవారు కొత్త యంత్రమే కొనాలి. అక్కడా ఇదే ముచ్చట నడుస్తోంది, ఇంటెల్ చిప్పులున్న మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహోయే చివరిదని యాపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది.

## మూడు బల్లల మీద వేసిన లెక్క

ఈ మూడూ నేను కూర్చిన ఉదాహరణలు, పరిస్థితులు మాత్రం నిత్యం చూసేవే.

మొదటిది రాజమహేంద్రవరంలో పదవీ విరమణ చేసిన దంపతుల ఇల్లు. ఐ3 ఏడో తరం డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వీడియో కాల్, యూట్యూబ్, బ్యాంకు సైటు, అప్పుడప్పుడు ఒక ఉత్తరం. ఇక్కడ మార్చలేని వస్తువేదీ లేదు, అన్నీ బ్రౌజర్‌లో దొరికేవే. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాన్ని కూడా ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. ఎస్‌ఎస్‌డీ వేసి లినక్స్ మింట్ పెట్టడానికి ఇంతకంటే అనువైన ఇల్లు ఉండదు, ఒక్క షరతు మీద: ఇబ్బంది వస్తే చూసే మనిషి ఎవరో తేలాలి. అబ్బాయికి విండోస్ తప్ప తెలియకపోతే, డాలస్ నుంచి అర్ధరాత్రి ఫోనులో అమ్మకు లైనక్స్ నేర్పడం ఇద్దరికీ శిక్షే. అలాంటప్పుడు ఉచిత ఈఎస్‌యూతో గడువు దాకా నెట్టుకొచ్చి, ఆ తర్వాత కొత్త యంత్రం చూసుకోవడం మేలు.

రెండోది డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు. పేజీలు కూర్చడానికి 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లు. ఈ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుర్తులను కూర్చినవి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే "శుభలేఖ" స్థానంలో పిచ్చి ఇంగ్లిషు అక్షరాల వరుస కనిపిస్తుంది. లైనక్స్ మాట ఇక్కడ ఎత్తక్కర్లేదు. విండోస్ 11లో ఈ కూర్పు నడుస్తుందా అన్నది ఏ వెర్షన్, దానికి లాక్ డాంగిల్ ఉందా, ఆ డాంగిల్‌కు 64 బిట్ డ్రైవర్ ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ షాపుకు నాకు సబబుగా కనిపించేది పనిని రెండుగా విడదీయడం. పాత యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి పేజ్‌మేకర్‌కే కేటాయించడం, వాట్సాప్‌లో వచ్చే ఫొటోలకు, మెయిల్‌కు మద్దతు ఉన్న ఇంకో యంత్రాన్ని వాడటం. అప్పటికీ పెన్‌డ్రైవ్‌ల బెడద మిగులుతుంది, వాటిని ముందు రెండో యంత్రంలో పరీక్షించి గానీ పాతదానికి ఇవ్వకూడదు. అయితే ఆ షాపుకు తరుముకొస్తున్న అసలు సమస్య ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, ఆ ఫైళ్ల రూపం. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, మార్చాక ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర ప్రూఫు చూడాలి. అది నెలల పని. విండోస్ 10 గడువు ఆ పనిని ముందుకు తోసిందంతే.

మూడోది హైదరాబాద్‌లో ఒక అకౌంటెంట్. ఐ5-8250యూ ల్యాప్‌టాప్, ట్యాలీప్రైమ్, ఖాతాదారు కంపెనీల డిజిటల్ సంతకాల టోకెన్లు. జీఎస్‌టీ రిటర్నులకు కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు డిజిటల్ సంతకమే వాడాలి, సొంత వ్యాపారులకు ఓటీపీ చాలు. కాబట్టి ఇక్కడ మార్చలేని వస్తువు ఆ టోకెను. యంత్రం అర్హమైనదే, ట్యాలీ విండోస్‌దే. విండోస్ 11కు వెళ్లడమే సహజమైన దారి. ఖాతాదారుల పన్ను వివరాలు అందులో ఉన్నాయి గనుక "ఏమీ చేయక్కర్లేదు" అన్న మాట ఈ బల్ల దగ్గర చెల్లదు. ఇక మిగిలింది ఎప్పుడు అన్న ప్రశ్న.

## వెనక్కి రావడానికి పది రోజులు

విండోస్ 11కు అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పది రోజుల్లోగా విండోస్ 10కు తిరిగి రావచ్చు. పాత సిస్టమ్ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో అప్పటిదాకా ఉంటుంది, ఆ తర్వాత స్థలం కోసం దాన్ని చెరిపేస్తారు. డిస్క్ క్లీనప్ చేస్తూ ఆ ఫోల్డర్‌ను మనమే తీసేస్తే పది రోజులూ ఉండవు.

విండోస్ 11లో ఇంకో సంగతి కూడా ఉంది. 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే, డిస్కు చాలా యంత్రాల్లో దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ల్యాప్‌టాప్ దొంగతనమైనా ఫైళ్లు ఎవరూ చదవలేరు, అది మంచిదే. కానీ దాన్ని విప్పే రికవరీ కీ ఆ ఖాతాలో ఉంటుంది. షాపు కుర్రాడు తన సొంత మెయిల్‌తో ఖాతా తెరిచి సెట్ చేసి ఇచ్చిన యంత్రంలో మదర్‌బోర్డు పోతే, మీ ఫైళ్ల తాళం అతని మెయిల్‌లో ఉన్నట్టు. అప్‌గ్రేడ్ చేసుకున్నవారికి ఇది సాధారణంగా ఎదురుకాదు, పూర్తిగా చెరిపి కొత్తగా వేయించుకున్నవారికి ఎదురవుతుంది.

ఇప్పుడు ఆ అకౌంటెంట్ క్యాలెండర్. నెలవారీ రిటర్నులు వేసే ఖాతాదారులకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే జీఎస్‌టీఆర్-3బీ గడువు 20వ తేదీ. "20 దాటాక తీరిక దొరుకుతుంది" అని 21న అప్‌గ్రేడ్ చేస్తే పది రోజులు నెలాఖరుకే అయిపోతాయి. టోకెనుతో మొదటి రిటర్ను వేసే సమయానికి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయి ఉంటుంది. 10వ తేదీ లోపు జీఎస్‌టీఆర్-1 ముగించుకుని ఆ రోజు అప్‌గ్రేడ్ చేసి, 3బీని గడువుకు కొన్ని రోజుల ముందే వేస్తే, దాని మీద టోకెను, ట్యాలీ, ప్రింటర్ మూడూ పరీక్షకు వస్తాయి, తేడా కనిపిస్తే తిరిగి రావడానికి ఇంకా రోజులు మిగులుతాయి. ఆ పది రోజుల వ్యవధిని ఒక కమాండుతో 60 రోజుల వరకు పెంచుకోవచ్చు, కాకపోతే ఆ కమాండును పది రోజులు ముగియకముందే ఇవ్వాలి.